ఫేక్ న్యూస్ పాఠం చెప్పాక పిల్లలు నిజాన్నీ నమ్మడం లేదు, ఏం చేయాలి?

సోషల్_టీచర్
తొమ్మిదో తరగతికి సోషల్ చెప్తాను. ఈ ఏడాది మా స్కూల్లో ఫేక్ న్యూస్ మీద విడిగా క్లాసులు పెట్టారు. మార్ఫింగ్ ఫోటోలు, డీప్‌ఫేక్ వీడియోలు, పాత వీడియోకి తగిలించిన కొత్త క్యాప్షన్లు, అన్నీ చూపించాం. పిల్లలు ఎగబడి నేర్చుకున్నారు. తీరా గ్లోబల్ సిటిజన్‌షిప్ (మనమంతా ఒకే ప్రపంచ పౌరులం, దూరపు మనుషుల కష్టం కూడా మనకి పట్టాలి అని నేర్పే పాఠం) యూనిట్‌కి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. యుద్ధానికి భయపడి ఊళ్ళు వదిలిపోతున్న జనం ఫోటో తెర మీద వేశాను. "ఏఐ సార్ ఇది" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. క్లాసంతా నవ్వు. ఫోటో కింద తీసినవాళ్ళ పేరు, ఊరు, తేదీ, ఏజెన్సీ పేరు అన్నీ ఉన్నాయి. చూపించాను. "అవి కూడా మార్చొచ్చుగా సార్" అన్నారు.

ఒక పాఠం ఇంకో పాఠాన్ని మింగేస్తోంది. ఎక్కడో ఒక పిల్లాడి కష్టం కళ్ళముందు పెడితే ముందు నకిలీ అనుకునేవాడికి ప్రపంచ పౌరసత్వం గురించి ఏం చెప్పను? మీకెవరికైనా ఇలా ఎదురైందా?

లెక్కల_మాస్టారు
ఎదురవక? క్లాసులో అన్నీ అబద్ధాలే చూపించి ఉంటారు. పది ప్రశ్నలకీ "తప్పు" అన్నదే జవాబయితే పదకొండో ప్రశ్న ఎవడూ చదవడు, తప్పు అని రాసేస్తాడు. పిల్లలు మీరు నేర్పిందే చేశారు.

పదో_తరగతి_అమ్మ
మావాడు ప్రోగ్రెస్ కార్డు కూడా డీప్‌ఫేకే అంటున్నాడు :)

నిజం_నిలకడ
మాస్టారు చెప్పినదానికి ఆధారం కూడా ఉంది. నకిలీ వార్తలు ఎలా తయారవుతాయో ఆడిస్తూ నేర్పే ఆన్‌లైన్ గేములు కొన్నున్నాయి, 'బ్యాడ్ న్యూస్' లాంటివి. వాటి మీద జరిగిన పాత ప్రయోగాల డేటాని 2023లో మళ్ళీ తిరగేశారు. ఆడినవాళ్ళకి నిజానికీ అబద్ధానికీ తేడా పట్టే నేర్పు పెరిగినట్టు తేలలేదు. కనబడిన ప్రతిదాన్నీ అబద్ధం అనేయడం మాత్రం పెరిగింది.

అలాగని నేర్పడం దండగ అనుకోవద్దు. ఫేక్ న్యూస్ గుర్తించడానికి ఫేస్‌బుక్ ఇచ్చిన చిట్కాల మీద 2020లో ఒక అధ్యయనం వచ్చింది. చదివినవాళ్ళలో తేడా పట్టే శక్తి అమెరికాలో 26.5 శాతం, ఇండియాలో బాగా చదువుకున్న ఆన్‌లైన్ జనంలో 17.5 శాతం మెరుగైంది. ఉత్తర భారత గ్రామాల్లో మాత్రం ఏ ప్రభావమూ కనబడలేదు. అంటే ఒకే మందు అందరికీ పనిచేయడం లేదు. పనిచేసినచోట కూడా నిజమైన వార్తల మీద నమ్మకం కాస్త తగ్గింది, అదీ గమనించాలి.

సోషల్_టీచర్
@లెక్కల_మాస్టారు అన్నీ అబద్ధాలే చూపించిన మాట నిజమే, మాకు ఇచ్చిన స్లైడ్లలో ఒక్క నిజమైన వార్త కూడా లేదు. సగం నిజాలు కలిపితే సరిపోతుందా మరి?

లెక్కల_మాస్టారు
సగం అని లెక్కపెట్టి కలిపితే దాన్నీ పట్టేస్తారు. ఒక వారం ముప్పాతిక నిజాలు, ఇంకో వారం మూడే అబద్ధాలు, ఒక్కో వారం అన్నీ నిజాలే. ఏది ఎంతుందో ముందు తెలియకూడదు. మార్కులు కూడా మార్చండి. నిజాన్ని అబద్ధం అన్నవాడికీ, అబద్ధాన్ని నిజం అన్నవాడికీ సమానంగా కోయాలి. ఇప్పుడు మన పిల్లలకి మొదటి తప్పుకి శిక్షే లేదు, పైగా తెలివైనవాడు అని పేరొస్తోంది.

తూర్పుగాలి
అసలు ఈ రెండూ ఎందుకు కలుపుతున్నారో అర్థం కాలేదు. మీడియా లిటరసీ, అంటే వార్తల్లో నిజమేదో అబద్ధమేదో పట్టుకోవడం, ఒక నైపుణ్యం, నేర్పండి. గ్లోబల్ సిటిజన్‌షిప్ అంటే నినాదాలు, పోస్టర్లు, గ్లోబు చుట్టూ చేతులు పట్టుకున్న బొమ్మలు. పిల్లలు దానికి నవ్వారంటే నాకు తప్పేం కనబడలేదు.

న్యూస్_డెస్క్
పత్రిక డెస్కులో పనిచేసి వచ్చాను, ఇప్పుడు హైస్కూలు పిల్లలకి వర్క్‌షాపులు చేస్తుంటాను. తూర్పుగాలి గారూ, రెండూ ఎందుకు కలపాలో చెప్పడానికి ఒకే ఒక్క ఫోటో చాలు. నేను ప్రతి బ్యాచ్‌కీ అదే చూపిస్తాను.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. 7.8 తీవ్రత, దాదాపు 9,000 మంది పోయారు. ఆ వారంలోనే ఒక ఫోటో లోకమంతా తిరిగింది. ఇద్దరు చిన్నపిల్లలు, అన్నయ్య చెల్లెల్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంటాడు, చెల్లెలి మొహం భయంగా ఉంటుంది. "భూకంపంలో చెల్లెల్ని కాపాడుకుంటున్న నేపాల్ బాలుడు" అని క్యాప్షన్. చందాల పిలుపులకి కూడా వాడారు.

ఆ ఫోటో 2007లో వియత్నాం ఉత్తరాన హా జాంగ్ ప్రాంతంలో తీసింది. అమ్మానాన్నా పొలంలో ఉన్నారు, పిల్లలిద్దరూ ఇంటి ముందు ఆడుకుంటున్నారు. కెమెరాతో కొత్త మనిషి వచ్చేసరికి చిన్నది ఏడుపందుకుంది, అన్న దగ్గరికి తీసుకున్నాడు. అంతే జరిగింది. ఈ సంగతి ఫోటో తీసినాయనే చెప్పాడు. నేపాల్‌కి ముందు అదే ఫోటోని బర్మా అనాథలన్నారు, సిరియా యుద్ధ బాధితులన్నారు.

ఇక్కడ పిల్లల్ని మూడు ప్రశ్నలు విడివిడిగా అడుగుతాను. భూకంపం జరిగిందా? ఈ ఫోటో ఆ భూకంపానిదేనా? ఫోటోలో ఉన్నవాళ్ళు ఎవరు? మొదటిదానికి జవాబు అవును, రెండోదానికి కాదు. మీ క్లాసులో గొడవంతా ఈ రెంటినీ ఒకే ప్రశ్న చేయడం వల్ల వచ్చింది. ఫోటో అబద్ధమని తేలగానే భూకంపం కూడా వాళ్ళ మనసులో అబద్ధమైపోతుంది. ఒక తప్పుడు ఫోటో దొరికింది కాబట్టి ఆ 9,000 మంది లేరనుకుంటారు.

మూడో ప్రశ్న దగ్గరే అసలు క్లాసు. బర్మా అన్నా, సిరియా అన్నా, నేపాల్ అన్నా జనానికి తేడా ఎందుకు తెలియలేదు? పేదగా కనబడే ఏ పిల్లలైనా ఒకటేనా మనకి? ఆ అన్నాచెల్లెళ్ళకి ఒక ఊరుంది, ఇల్లుంది, అమ్మానాన్నలున్నారు. వాళ్ళని అనాథల్ని చేసి ఊరూరా తిప్పారు, అదీ జాలి పేరుతో. ఈ ప్రశ్న ఏ ఫ్యాక్ట్‌చెక్ సైటూ అడగదు, గ్లోబల్ సిటిజన్‌షిప్ అడుగుతుంది. పోస్టర్లు వేయకపోయినా ఫరవాలేదు.

పదో_తరగతి_అమ్మ
ఆ ఫోటో మా ఫ్యామిలీ గ్రూపులో ఇప్పటికీ ఏదో ఒక దేశం పేరుతో వస్తూనే ఉంటుంది. వియత్నాం అని ఇవాళే తెలిసింది.

తూర్పుగాలి
@న్యూస్_డెస్క్ ఉదాహరణ బావుంది, ఒప్పుకుంటాను. కానీ మీలాంటివాళ్ళు చెప్తే అలా ఉంటుంది. టెక్స్ట్‌బుక్ చదివించే క్లాసులో "ప్రపంచమంతా ఒకే కుటుంబం" అని నోట్స్ రాయించి వదిలేస్తారు. దానికన్నా చెప్పకపోవడం మేలు.

కొత్త_బ్యాచ్
నేను స్టూడెంట్‌ని, పోయినేడాదే ఇలాంటి క్లాసులు అయ్యాయి మాకు. ఒకటి చెప్పొచ్చా? "ఏఐ" అని అరిచేవాళ్ళలో చాలామంది నిజంగా ఏఐ అనుకుని అరవరు. అలాంటి ఫోటో వేయగానే క్లాసులో అందరూ ఒక్కసారి సైలెంట్ అవుతారు. ఆ సైలెన్స్ ఎవరో ఒకరు తెంపాలి. బాధపడినట్టు కనబడితే బ్రేక్‌లో ఏడిపిస్తారు. ఏఐ అంటే అందరూ నవ్వుతారు, ఇబ్బంది పోతుంది. సార్‌కి అది నమ్మకపోవడంలా కనబడి ఉంటుంది.

సోషల్_టీచర్
@కొత్త_బ్యాచ్ ఇది నాకు తట్టలేదమ్మా/బాబూ. మరి అప్పుడు టీచరేం చేస్తే బావుంటుంది?

కొత్త_బ్యాచ్
ఫోటో మీద వెంటనే "ఎలా అనిపిస్తోంది" అని అడక్కండి. మా మేడమ్ ముందు రాయమనేవారు. ఫోటోలో కనిపిస్తున్నవి మాత్రమే, ఊహలు కాదు. చెప్పులున్నాయా, సంచిలో ఏం కనబడుతోంది, నీడ ఎటుంది, బోర్డు మీద ఏ లిపి. అవి రాస్తుంటే జోకులు రావు. అందరం తల దించుకుని వెతుకుతుంటాం కదా. సంచిలోంచి స్కూలు పుస్తకాలు కనబడుతున్నాయని ఒకమ్మాయి చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు.

పుస్తకాలపురుగు
ఈ పిల్లో పిల్లాడో రాసిన పోస్టు టీచర్ ట్రైనింగ్‌లో పెట్టాలి.

నిజం_నిలకడ
నాకో చిన్న అభ్యంతరం. "ఫోటోని శ్రద్ధగా చూడు" అనేది జాలి కోసమైతే మంచిదే, నిజానిజాలు తేల్చడానికి మాత్రం పనికిరాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో హైస్కూలు పిల్లలకి ఒక ఫోటో ఇచ్చారు. వంకర తిరిగిన తెల్లటి డైసీ పూలు, "ఫుకుషిమా అణు పువ్వులు" అని శీర్షిక. జపాన్‌లో అణు ప్రమాదం జరిగిన చోటు అది, అక్కడి రేడియేషన్‌కి ఇది బలమైన రుజువేనా అని ప్రశ్న. ఎవరు పెట్టారు, ఎక్కడ తీశారు అని అడిగినవాళ్ళు 20 శాతం కూడా లేరు. మిగతావాళ్ళు ఆ పూలనే తదేకంగా చూశారు. పూలు అలా వికృతంగా పెరగడం రేడియేషన్ లేనిచోట కూడా జరుగుతుంది.

2019లో ఇంకా పెద్దది చేశారు, 3,446 మంది హైస్కూలు విద్యార్థులతో. బ్యాలెట్ పెట్టెల్లో దొంగ ఓట్లు గుద్దుతున్న వీడియో, అమెరికా ఎన్నికల్లో అని రాసి ఉంటుంది. అది రష్యాలో తీసింది. చేతిలో ఇంటర్నెట్ ఉంది, వెతుక్కోవచ్చు అని చెప్పారు కూడా. 52 శాతం మంది బలమైన రుజువే అన్నారు. అసలు మూలం దాకా వెళ్ళినవాళ్ళు ముగ్గురు. శాతం కాదు, ముగ్గురు మనుషులు.

లెక్కల_మాస్టారు
3,446లో 3 అంటే వెయ్యికి ఒక్కడు కూడా లేడు. అమ్మో.

న్యూస్_డెస్క్
@నిజం_నిలకడ చెప్పింది మా డెస్కులో రోజూ చూసేదే. అనుమానం వచ్చిన పేజీలో ఎక్కువసేపు ఉండకూడదు, బయటికి రావాలి. స్టాన్‌ఫర్డ్ వాళ్ళే 2017లో చరిత్రకారుల్ని, డిగ్రీ విద్యార్థుల్ని, వృత్తిలో ఉన్న ఫ్యాక్ట్‌చెకర్లని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చూశారు. పిల్లల డాక్టర్ల సంస్థలు రెండింటి సైట్లు ఇచ్చారు. ఒకటి 1930 నుంచీ ఉన్న పెద్ద సంఘం, రెండోది 2002లో దాన్నుంచి చీలిన చిన్న గుంపు. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, సైట్లు రెండూ హుందాగా ఉంటాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది చీలిక గుంపు సైటే నమ్మదగిందన్నారు. చరిత్రకారుల్లో కూడా చాలామంది తేల్చుకోలేకపోయారు. ఫ్యాక్ట్‌చెకర్లు మాత్రం కాసేపటికే కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్ళేమంటున్నారో చూశారు. నిమిషాల్లో తేలిపోయింది.

కాబట్టి "సైట్ చివర డాట్ ఆర్గ్ ఉందా, అక్షర దోషాలున్నాయా, ఫోన్ నంబరుందా" అని చెక్‌లిస్టులు రాయించే వర్క్‌షీట్లు పక్కన పెట్టేయండి. అబద్ధాలు అమ్మేవాళ్ళు వాటన్నిటినీ ఎప్పుడో సరిచేసుకున్నారు.

పుస్తకాలపురుగు
ఏఐ బొమ్మో కాదో తేల్చడానికి వేళ్ళు లెక్కపెట్టమనే సలహా కూడా పక్కన పెట్టాలి. 2023 మార్చిలో పోప్ తెల్లటి ఉబ్బు కోటు వేసుకున్న ఏఐ బొమ్మ వచ్చినప్పుడు చెయ్యి దగ్గర తేడా కనబడింది. ఇప్పుడొచ్చేవాటిలో చేతులు శుభ్రంగా ఉంటున్నాయి. పాత చిట్కా పట్టుకున్న పిల్లలు వేళ్ళు ఐదే ఉన్నాయి కాబట్టి నిజమే అంటున్నారు, అది ఇంకా ప్రమాదం.

పదో_తరగతి_అమ్మ
అన్నిటికీ ట్యాబులు తెరిచి వెతకాలంటే పిల్లలు చదువుకునేదెప్పుడు? పెద్దవాళ్ళం మనమే చేయం.

న్యూస్_డెస్క్
అన్నిటికీ అక్కర్లేదమ్మా. ఫార్వర్డ్ చేయాలనిపించినదానికే. లేదా కోపమో భయమో ముంచుకొచ్చినదానికి. మిగతావి వదిలేసినా కొంప మునగదు. ఏం వదిలేయాలో తెలియడమూ నేర్పాల్సిందే.

తూర్పుగాలి
సరే, ఇప్పటిదాకా అందరూ ఫోటోలు, వీడియోలు, సైట్లు అంటున్నారు. నిజమైన ఫోటో, నిజమైన వార్త, అయినా విషం ఎక్కించొచ్చు కదా. దాన్ని ఏ ట్యాబు పట్టిస్తుంది?

పుస్తకాలపురుగు
@తూర్పుగాలి ఇదే నేను అడగాలనుకున్నది. ఆఫ్రికాలో రువాండా సంగతి చూడండి. 1993 జులైలో ఆర్‌టీఎల్‌ఎం అని ఒక రేడియో మొదలైంది. మంచి పాటలు, వీధి భాషలో కబుర్లు, కుర్రకారు వదలకుండా వినేవాళ్ళు. ఆ మధ్యలోనే అక్కడి టుట్సీ అనే జాతివాళ్ళని బొద్దింకలు అనేవాళ్ళు. 1994 ఏప్రిల్‌లో వాళ్ళ ఊచకోత మొదలయ్యాక ఫలానావాళ్ళు ఫలానాచోట ఉన్నారని కూడా చెప్పింది. అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2003లో ఆ రేడియో పెట్టినవాళ్ళలో ఇద్దరికీ, ఒక పత్రిక సంపాదకుడికీ శిక్ష వేసింది. అక్కడ మార్ఫింగ్ ఎక్కడుంది? మనుషుల్ని పురుగులతో పోలుస్తుంటే చెవి నిక్కబొడుచుకోవడం నేర్పాలి. అది ఫ్యాక్ట్‌చెక్‌తో రాదు.

పదో_తరగతి_అమ్మ
ఊచకోత గురించి పద్నాలుగేళ్ళ పిల్లలకి చెప్పాలంటారా? నాకు ఒప్పట్లేదు.

పుస్తకాలపురుగు
ఊచకోత ఫోటోలు చూపించనమ్మా, ఒక్కటి కూడా. అంతకు ముందు ఏడాది రేడియోలో వాడిన మాటల దగ్గరే ఆగుతాను. ఎవరిని ఏమని పిలిచారు, ఎవరూ అడ్డు చెప్పకపోతే ఆ పిలుపు ఎంత మామూలైపోయింది, అంతవరకే. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే గేమింగ్ చాట్‌లలో వినే తిట్ల దగ్గరికి వస్తారు. చిన్న తరగతులకి మాత్రం వద్దు, మీతో ఒప్పుకుంటాను.

ఇంకొకటి చేయిస్తాను, ఇది ఏ తరగతికైనా పనికొస్తుంది. గోడకి పెద్ద ప్రపంచపటం. వారం పాటు పిల్లలు చూసిన ప్రతి విదేశీ వార్తకీ ఆ దేశం మీద ఒక చుక్క. యుద్ధం, ప్రమాదం, విపత్తు అయితే ఎర్ర చుక్క, మిగతావన్నీ నీలం. వారం తిరిగేసరికి పటం తనే మాట్లాడుతుంది. నాలుగైదు పెద్ద దేశాల మీద రెండు రంగులూ కిక్కిరిసి ఉంటాయి. ఆఫ్రికాలో చాలా భాగం ఖాళీ, ఉన్నవి ఎరుపే. ఒకమ్మాయి వచ్చి "మేడమ్, ఈ దేశంలో ఎవరూ మామూలుగా బతకరా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు, ఆ దేశం నుంచి నీలం చుక్క ఒకటి వెతికి తెమ్మన్నాను. అక్కడి పత్రిక సైటుకే వెళ్ళి, స్కూళ్ళ మధ్య చదరంగం పోటీల వార్త తెచ్చింది.

నార్వే పరిశోధకులు గాల్టుంగ్, రూజ్ 1965లోనే ఇది రాశారు. కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలు నాలుగు నార్వే పత్రికల్లో ఎలా వచ్చాయో చూసి, దూరపు చిన్న దేశం వార్తల్లోకి ఎక్కాలంటే అక్కడ చెడు జరగడమే దగ్గరి దారి అని చెప్పారు. పిల్లలకి వాళ్ళ పేర్లు చెప్పక్కర్లేదు, పటం చాలు.

తూర్పుగాలి
ఈ పటం పద్ధతి నాకు నచ్చింది. దీన్ని గ్లోబల్ సిటిజన్‌షిప్ అనే పేరుతో పిలవకపోతే ఇంకా నచ్చుతుంది.

లెక్కల_మాస్టారు
చుక్కలు నాకివ్వండి, జనాభాతో భాగించి మా క్లాసులో గ్రాఫ్ వేయిస్తాను. దేశం పెద్దది కాబట్టి వార్తలెక్కువ అనేవాడికి అక్కడే జవాబు దొరుకుతుంది.

సోషల్_టీచర్
అందరి పోస్టులూ మళ్ళీ చదివాను. నాకున్నది వారానికి ఒక్క పీరియడ్, అందులో ఫోన్లకి అనుమతి లేదు. ఒక కంప్యూటరు, ఒక ప్రొజెక్టరు. అనుకుంటున్నది ఇదీ: కొత్త_బ్యాచ్ చెప్పినట్టు ముందు కనబడేవి రాయించడం, తర్వాత న్యూస్_డెస్క్ గారి మూడు ప్రశ్నలు, పటం మాత్రం గోడ మీద ఏడాదంతా. మాస్టారు చెప్పినట్టు నిజాలూ అబద్ధాలూ కలిపి. మధ్యలో వెతుకులాట ఎలా చేయించాలి? నేనొక్కణ్ణే మౌస్ పట్టుకుంటే వాళ్ళు ప్రేక్షకులైపోతారు.

న్యూస్_డెస్క్
మీరు వెతకొద్దు. మౌస్ ఒక పిల్లాడికివ్వండి, ఏం టైప్ చేయాలో క్లాసు చెప్పాలి. "ఎందుకా పదాలు?" అని మాత్రమే మీరు అడగండి. రివర్స్ ఇమేజ్ సెర్చ్ (ఫోటో ఇచ్చి అది ఇంకెక్కడెక్కడ వచ్చిందో వెతకడం) ఫలితాలు ముందే ప్రింట్ తీసి గ్రూపులకి పంచితే ఇంకా మంచిది. వాటిలో పాత తేదీ ఏదో వాళ్ళే పట్టుకుంటారు. నెట్ పోయినా క్లాసు ఆగదు.

నిజం_నిలకడ
ఒక హెచ్చరిక. అబద్ధపు శీర్షికని బోర్డు మీద పెద్దగా రాసి పీరియడంతా ఉంచొద్దు. ఒకే మాట మళ్ళీమళ్ళీ వింటే నిజంలా తోస్తుందని 1977 నుంచీ ప్రయోగాలు చెప్తూనే ఉన్నాయి. బోర్డు మీద నిజమే రాయండి, అబద్ధం ఒకసారి చూపించి తీసేయండి.

కొత్త_బ్యాచ్
ఇంకొకటి సార్. "ఏఐ" అన్నవాణ్ణి తిట్టకండి. వాడికే మౌస్ ఇవ్వండి.

లెక్కల_మాస్టారు
ఇది బావుంది.

పదో_తరగతి_అమ్మ
పీరియడ్ అయిపోయేలోపు తేలకపోతే? ఇంటికొచ్చి "తేలలేదు కాబట్టి అబద్ధమే" అంటాడు మావాడు.

న్యూస్_డెస్క్
డెస్కులో మాకు రోజూ ఉండేదే అది. నిజం, అబద్ధం పక్కన "ఇంకా తేలలేదు" అని మూడో గడి పెట్టండి, మార్కులు కూడా ఇవ్వండి. కాకపోతే ఆ గడిలో వేసినవాడు ఏం దొరికితే తేలుతుందో ఒక వాక్యం రాయాలి, లేకపోతే బద్ధకస్తులందరూ అందులోనే దూరతారు. వచ్చే వారం క్లాసు ఆ గడితోనే మొదలుపెట్టొచ్చు.

సోషల్_టీచర్
సోమవారం నుంచి మొదలుపెడుతున్నాను. మొదటి మౌస్ వెనక బెంచీకే. పుస్తకాలపురుగు గారూ, పటం ఏ సైజుది వాడారు? చిన్న ద్వీప దేశాలకి చుక్క పెట్టే చోటు ఉండాలి కదా.

పుస్తకాలపురుగు
గోడకి సగం వచ్చేంత తీసుకోండి. ద్వీపాలకి పక్కన సముద్రంలో చుక్క పెట్టి గీత గీస్తాం. చుక్కలు పెన్సిల్‌తో వద్దు, స్టిక్కర్లు వాడండి. తప్పని తేలిన వార్తకి స్టిక్కర్ పీకేసే పని కూడా పిల్లలకే ఇవ్వండి, ఎందుకు పీకారో కింద కాగితం మీద తేదీ వేసి రాయిస్తే చాలు.